విమానం కారితే!

పెంకుటిల్లు కారితే కింద బిందె పెట్టొచ్చు. వాన వెలిశాక పైకెక్కి పెంకులు సర్దొచ్చు. మరి విమానం కారితే? వందల మందిని మోసే పెద్ద విమానాల సంగతి కాదు, ఔత్సాహికులు ఇంటి దగ్గరే తయారుచేసుకునే బుల్లి విమానాల సంగతి.

ఇంటి దగ్గర విమానమేంటని ఆశ్చర్యపోకండి. అమెరికాలో అదో పెద్ద వ్యాపకం. కారు షెడ్డులో రేకులు కత్తిరించి, రివెట్లు కొట్టి, ఏళ్ల తరబడి తంటాలు పడి ఇద్దరు కూర్చునే విమానాన్ని సిద్ధం చేసుకుంటారు. పాల్ పోబెరెజ్నీ 1953లో ఇలాంటివారి కోసమే ఓ సంఘం పెట్టారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కోష్‌లో ఏటా వేసవిలో ఆ సంఘం జరిపే వేడుక ఓ పెద్ద జాతరే. వేల విమానాలు గడ్డి మైదానంలో ఆరుబయటే బారులు తీరతాయి. 2010లో వానలకు ఆ మైదానమంతా చిత్తడైపోయి, వచ్చే విమానాలను చుట్టుపక్కల ఊళ్లకు మళ్లించాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆష్‌కోష్‌కు జనం సరదాగా పెట్టిన పేరు 'స్లాష్‌కోష్'!

సరే, నీళ్లు ఎలా దూరతాయి? మొదటి దారి పైలట్ తల మీదుండే ప్లాస్టిక్ మూత. ఎండకు ఈ ప్లాస్టిక్ అల్యూమినియం కన్నా ఎక్కువ సాగుతుంది, చలికి ఎక్కువ ముడుచుకుంటుంది. ఎంత ఒద్దికగా అమర్చినా అంచుల్లో ఎక్కడో సందు పడుతుంది. రబ్బరు పట్టీలు అంటిస్తారు, పైన కవరు కప్పుతారు. అయినా సీటు తడుస్తుంది. మూత ముందువైపునుంచి కారిందా, చుక్కలు సరాసరి మీటర్ల వెనకున్న రేడియో తీగల మీదే పడతాయి.

అయితే సీటు మీది తడి కంటికి కనిపిస్తుంది కాబట్టి తుడిచేసుకోవచ్చు. అసలు భయం కనిపించని నీళ్లతోనే. లీటరు నీళ్లంటే కిలో బరువు. అది తోక చివర చేరితే విమానం తూకమే మారిపోతుంది. పైకీ కిందికీ కదిలే రెక్కల అంచుల్లో నిలిస్తే అవి గాల్లో అదుపు తప్పి కొట్టుకునే ప్రమాదముంది. పైన చలికి గడ్డకడితే కదలాల్సినవి కదలకపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు నీళ్లు రాకుండా ఆపడం మీదకన్నా, వచ్చినవి పోయేలా చూడటం మీదే ఎక్కువ దృష్టి పెడతారు. పల్లంగా ఉండేచోటల్లా చిన్న చిన్న బెజ్జాలు వేస్తారు. రంగు వేసేటప్పుడు అవి మూసుకుపోయాయేమో, పురుగులు మట్టిగూడు కట్టాయేమో చూస్తుండాలి. పిల్లిమీసమంత సన్నటి తీగతో అయ్యే పనే కానీ, బద్ధకిస్తే కష్టం.

చెక్క విమానాలకైతే ఇంకా జాగ్రత్త కావాలి. 1931 మార్చి 31న కాన్సస్‌లో ఓ ఫోకర్ ప్రయాణికుల విమానం రెక్క గాల్లోనే విరిగి కూలింది. అమెరికాలో ఇంటింటా తెలిసిన ఫుట్‌బాల్ కోచ్ న్యూట్ రాక్నీ సహా ఎనిమిది మంది చనిపోయారు. చెక్క రెక్కలోకి తేమ చేరి జిగురు పట్టు వదలడమే కారణమని తేలింది. బయటికి ఆ రెక్క బాగానే కనిపించేది మరి. ఇవాళ్టి జిగుర్లు చాలా మెరుగే అయినా, చెక్క విమానం ఉన్నవాళ్లు లోపలి మూలమూలా టార్చిలైటు వేసి చూసుకుంటారు.

ఇక పెట్రోలు ట్యాంకు. చాలా విమానాల్లో దాని మూత రెక్క పైభాగానే ఉంటుంది. మూతలోని రబ్బరు రింగు ఎండి బీటలిస్తే వాన నేరుగా ట్యాంకులోకే. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. ఎగరబోయే ముందు అడుగునున్న కుళాయి నొక్కి, కొద్దిగా గాజులాంటి గ్లాసులోకి పట్టి చూస్తారు. పైన పెట్రోలు, కింద నీరు... మధ్యలో గీత స్పష్టంగా తెలుస్తుంది. నీళ్లు ఆగేదాకా వంచేయడమే.

ఇందులో ఓ తిరకాసుంది. నీళ్లు మరీ ఎక్కువుంటే గ్లాసు నిండా నీళ్లే వస్తాయి. అప్పుడు గీతే ఉండదు! అంతా శుభ్రంగా ఉందనుకుని ఎక్కేస్తే అంతే సంగతులు. విమాన పెట్రోల్లో బాగా వాడకంలో ఉన్న రకానికి నీలం రంగు కలుపుతారు. అందుకే వాన కురిసిన మర్నాడు గ్లాసును తెల్లటి రెక్కకు ఆనించి రంగు చూస్తారు. అనుమానమొస్తే వాసన కూడా చూస్తారు.