కళ్ళు నెత్తికెక్కాయా?

కూర్మన్నపాలెం కూడలిలో తెలిసినవాళ్ళు ఎదురైనా పలకరించకుండా పోయిన ఆడమనిషిని ఏమంటారు? 'కళ్ళు నెత్తికెక్కాయి' అంటారు. బియ్యంలో రాయి మిగిలితే 'ధ్యాస ఎక్కడ పెట్టావ్' అంటారు. మునిమాపువేళ గడప తన్నుకు పడితే 'చూసుకు నడవలేవా' అంటారు. ఆమెకు చూపు ఆనడం లేదేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

ఆమె అంధురాలు కాదు. అలాగని అందరిలా చూడగల మనిషీ కాదు. అద్దాలు పెట్టినా, మందులు వాడినా, ఆపరేషన్ చేసినా మామూలు స్థాయికి రాని చూపును డాక్టర్లు 'లో విజన్' అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని లెక్కలతో నిర్వచించింది. మెరుగైన కంటి చూపు అద్దాలతో కూడా 6/18కి మించకుండా 3/60 వరకు ఉండాలి. లేదా చూపు విస్తీర్ణం 40 డిగ్రీల లోపుకు, 10 డిగ్రీల దాకా కుంచించుకుపోయి ఉండాలి. 6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరం ఆమెకు 6 మీటర్ల దగ్గరకు వస్తేగానీ కనపడదు.

ఈ లెక్కలు చెప్పని సంగతి ఒకటుంది. గ్లాకోమా, రెటినైటిస్ పిగ్మెంటోజా వంటి జబ్బుల్లో పక్కచూపు ముందు పోయి నడిమిచూపు చాలాకాలం మిగులుతుంది. అలాంటి స్త్రీ సూదిలో దారం ఎక్కిస్తుంది, పక్కనున్న బిందెను తన్నుకుంటుంది. నడిమిచూపు పోయినామె ఇల్లంతా తిరుగుతుంది, మందు సీసా మీద పేరు చదవలేదు. 'అది కనపడింది, ఇది కనపడలేదా? అంతా నాటకం!' అన్న నింద ఇక్కడే పుడుతుంది.

మగవాడికి చూపు తగ్గితే చేయిపట్టి నడిపించడానికి భార్య ఉంది. భార్యకు తగ్గితే? వంట ఆగదు, నీళ్ళు పట్టడం ఆగదు. పెళ్ళి కాని పిల్లయితే సంబంధం తప్పిపోతుందని కన్నవాళ్ళే దాస్తారు. పెళ్ళయ్యాక బయటపడితే 'మోసం' అన్న మాట ఆమెమీదే పడుతుంది. అందుకే కాలిన చేతుల్ని కొంగుచాటున దాచుకుంటుంది. దీన్ని కంటిజబ్బు అని మాత్రమే అనగలమా?

ఆమెకు కావలసినవి ఆకాశంలో లేవు. తెల్లన్నం కనపడేలా ముదురురంగు పళ్ళెం. మెట్ల అంచుకు పసుపు పట్టీ. స్టవ్ నాబ్ మీద చేతికి తగిలే గుర్తు. పని మీద పడేలా దీపం. భూతద్దం, చదివి వినిపించే ఫోను. చీకట్లో కర్ర పట్టి నడిచే శిక్షణ. వీటిని ఎలా వాడాలో నేర్పే మనిషే కరువు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలయింది. అది అవసరమే. కానీ 40 శాతం సర్టిఫికెట్టు పోయిన చూపును కొలుస్తుంది, మిగిలిన చూపుతో ఎలా బతకాలో చెప్పదు.

విశాఖలో పెద్ద కంటి ఆసుపత్రులున్నాయి. ఎల్వీ ప్రసాద్ సంస్థ 2006లో హనుమంతవాక దగ్గరకు వచ్చింది. కూర్మన్నపాలెం నుంచి అది నగరానికి అవతలి కొస. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు బస్సు ఉచితం. టిక్కెట్టుకు డబ్బు కట్టకుండా ఎక్కవచ్చు. కానీ వచ్చేది ఏ బస్సో బోర్డు కనపడని స్త్రీకి ఎవరు చెబుతారు? పునరావాస సేవలు ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు కల్పించాలని చట్టంలోని 27వ సెక్షన్ అంటూనే 'ఆర్థిక స్తోమత మేరకు' అనే మెలిక పెట్టింది. బహిరంగ వసతులను అందరికీ అందుబాటుగా ఉంచే ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదని, తప్పనిసరి కావాలని రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తేల్చి చెప్పింది. బస్టాపులో ఆ తీర్పు ఎప్పుడు వినిపిస్తుంది?

హక్కు అన్న మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఉక్కు కర్మాగారం ప్రైవేటుపరం కాకూడదని 2021 ఫిబ్రవరిలో కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు మొదలయ్యాయి. ఇంట్లో తడుముకుంటున్న స్త్రీ హక్కు కూడా అదే గొంతుతో అడగాలి. ప్రతి వార్డులో కంటి శిబిరం అద్దాల పంపిణీతో ఆగకూడదు. అద్దాలతో ఫలితం లేనివారిని పునరావాస కేంద్రానికి పంపాలి, ఇంటికొచ్చి నేర్పే కార్యకర్తను నియమించాలి. బస్సుల్లో, స్టాపుల్లో పేర్లు వినిపించాలి. మన కరపత్రాల అక్షరాలు పెద్దవి కావాలి. అన్నిటికన్నా ముందు, 'నాకు ఆనడం లేదు' అని ఆమె చెప్పినప్పుడు నమ్మాలి. నమ్మడానికి ఏ ప్రభుత్వ స్తోమతా అక్కర్లేదు.