రింగులో బిగించిన గుడ్డ



మన సంఘములలో ఎందరో సహోదరీలు కుట్టుమిషను మీద ఎంబ్రాయిడరీ చేసి కుటుంబములకు ఆసరాగా నిలుస్తున్నారు. ఈ పనికి పరిశుద్ధ గ్రంథములో గౌరవస్థానమున్నది. ప్రత్యక్ష గుడారపు పనిలో బెసలేలుకు తోడుగా ఉన్న దాను గోత్రికుడు అహోలీయాబు బుటాపనివాడని నిర్గమకాండము 38వ అధ్యాయములో చూస్తాము. నేర్పు దేవుడిచ్చినదే గనుక, దానిని శ్రద్ధగా వాడుట కూడా భక్తిలో భాగమే.

పువ్వు చుట్టూ గుడ్డ ముడుచుకుపోతే మనము మిషనును, దారమును తప్పుపడతాము. చాలాసార్లు లోపము రింగు బిగించుటలోనే ఉంటుంది. ఒకరి పెళ్ళి రవిక అలా పాడైతే కుట్టిన సహోదరికి కూలి పోవడమే గాక, గుడ్డ ఖరీదు కూడా నెత్తిన పడుతుంది. కాబట్టి ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము.

చేతికుట్టులో గుడ్డ రింగుకు పైభాగమున ఉంటుంది. మిషను పనిలో అడుగుభాగమున, మిషను పలకకు ఆని ఉండాలి. కొత్త నూలు గుడ్డనైతే ముందుగా తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. చెక్క రింగైతే లోపలి రింగుకు సన్నని నూలు పట్టీ చుట్టండి. గుడ్డ జారదు, పట్టుమీద మచ్చపడదు. పెద్ద రింగును బల్లమీద ఉంచి, దానిమీద బ్యాకింగ్ పేపరు, ఆపైన గుడ్డను మంచి వైపు పైకి ఉండునట్లు పరచి, చిన్న రింగును సమముగా అదమండి. మరను సగము బిగించి, ముడతలుంటే పడుగు వెంబడి, పేక వెంబడి మాత్రమే మెల్లగా సరిచేయండి. మూలలకు లాగితే పోగులు వంకరపోతాయి. మరను పూర్తిగా బిగించిన తరువాత ఇక లాగవద్దు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఎంత లాగితే అంత మంచిదనుకుంటారు. సాగదీసిన గుడ్డ రింగులో ఉన్నంతసేపు అందముగానే కనబడుతుంది. రింగు తీయగానే గుడ్డ తన కొలతకు తిరిగి వస్తుంది గాని, కుట్టు రాదు. అందుకే ముడతలు. వదులుగా ఉన్నా చెరుపే. సూదితోపాటు గుడ్డ లేచిపడి కుట్లు తప్పుతాయి, దారము చిక్కుపడుతుంది. గుడ్డ కదలకూడదు, సాగకూడదు. అదే కొలత.

అన్ని గుడ్డలూ ఒక్కటి కావు. టీ షర్టు వంటి అల్లిక గుడ్డను ఏమాత్రము సాగదీయరాదు. దానికి చింపివేసే పేపరు చాలదు, కుట్టిన తరువాత చుట్టూ కత్తిరించి లోపల ఉంచే గట్టి పేపరు కావాలి. వెల్వెట్టును బిగిస్తే రింగు అచ్చు పడుతుంది. కాబట్టి పేపరును మాత్రమే బిగించి, వెల్వెట్టును దానిమీద పెద్ద కుట్లతో నిలపండి. పని ఆపినప్పుడు రింగు తీసివేయండి.

ప్రియ తల్లిదండ్రులారా, మన ఇండ్లలో పిల్లల సంగతి కూడా ఇట్టిదే కదా? ఏలీ తన కుమారులను అదుపు చేయలేదు. ఆ ఇంటికి కలిగిన నష్టము 1 సమూయేలు గ్రంథములో చదువుతాము. మరొక ప్రక్క, పిల్లల మనసు విరిగిపోవునంత కఠినముగా ఉండవద్దని పౌలు కొలస్సయులకు వ్రాసిన పత్రికలో తండ్రులను హెచ్చరించాడు. భయముతో సాగదీసిన బిడ్డ మన కండ్లెదుట చక్కగానే ఉంటాడు. ప్రార్థనకు కూర్చుంటాడు, వాక్యము అప్పజెప్పుతాడు. హాస్టలుకో ఉద్యోగానికో వెళ్ళి మన చేయి విడిచిన దినమున ముడతలు బయటపడతాయి. అప్పుడు చెడు స్నేహములను నిందిస్తాము. మనము లాగిన లాగుడు జ్ఞాపకము రాదు.

సూది పోటులో సగము భారము అడుగున కనబడని పేపరు మోస్తుంది. ఇంటిలో ఆ స్థానము తల్లిదండ్రుల ప్రార్థనది, వారి నడతది. అది లేకుండ బిడ్డను మాత్రమే బిగిస్తే గుడ్డ నిలువదు. ఒక బిడ్డ నేత గుడ్డవంటివాడు, మరొకడు అల్లిక గుడ్డవంటివాడు. ఇద్దరికీ ఒకే బిగింపు పనికిరాదు.

ఈ వారము ఒక్కొక్క బిడ్డతో విడిగా కూర్చుని, తీర్పు చెప్పకుండ వాని మాట వినండి. ఎక్కడ వదులైనదో, ఎక్కడ సాగినదో తెలుస్తుంది. మీ చేతిపనిని, మీ పిల్లలను ప్రభువు దీవించును గాక. ఆమేన్.