ఎర చేప పడితే దొంగలమా?

ఒక్క ప్రశ్న. పీతల కోసం తాడుకు కట్టే గుప్పెడు చిన్న చేపల్ని మడ కాలవలో పట్టుకుంటే యానాది దొంగ ఎలా అవుతాడు?

కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట, పాత గుంటూరు, కృష్ణా జిల్లాల మడ అడవుల్లో కృష్ణా అభయారణ్యం ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏదీ పట్టకూడదు, తీసుకుపోకూడదు. మనకు వినిపించేది ఈ సగమే.

మిగతా సగం 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. సెక్షన్ 3(1)(డి) చేపలు, నీటి వనరుల ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కుల్ని గుర్తించింది. ఆ చట్టంలో అటవీ భూమి అంటే అభయారణ్యం కూడా. మూడు తరాల రుజువు అడిగేది ఇతరుల్ని, ఎస్టీలను కాదు.

నియమాలే వద్దని నేననట్లేదు. దోమతెర లాంటి సన్నకన్ను వలతో పిల్ల చేపల్ని ఊడ్చేస్తే రేపు పీతా ఉండదు, మన బతుకూ ఉండదు. అయితే ఏ వల, ఏ నెల, ఎంత ఎర అనేది గ్రామసభ తేల్చాలి. హక్కు వచ్చాక వన్యప్రాణుల్ని కాపాడే అధికారం సెక్షన్ 5 గ్రామసభకే ఇచ్చింది.

కాలవ మూసేస్తే మనకు మిగిలేది మిర్చి కోతల కూలే. అదీ ఏడాదిలో కొన్ని నెలలే.

అందుకే గ్రామసభ పెట్టించండి. అటవీ హక్కుల కమిటీ వేయించండి. ఫారం-బి నింపి సామూహిక హక్కు క్లెయిమ్ వేయండి, రసీదు తీసుకోండి. నోటి మాట మీద వచ్చిన అనుమతి ఆఫీసరు మారితే పోతుంది. హక్కు పత్రం పోదు.