మన పిల్లల రంగుల కాగితం మీద మన ఊరు ఉండాలి

వరంగల్, హనుమకొండ, కాజీపేట తల్లిదండ్రులకు, టీచర్లకు, గ్రంథాలయాల వారికి, బల్దియా పాలకులకు విజ్ఞప్తి

ఆదివారం సాయంత్రం మన ఊళ్లో ఏదో ఒక జిరాక్స్ సెంటర్ ముందు కాసేపు నిలబడి చూడండి.

"అన్నా, బాబుకు రంగులేసే బొమ్మలు నాలుగు తీసియ్యవా."

"ఏం బొమ్మలక్కా?"

"ఏవైనా సరే, ముద్దుగుండాలె."

అతను ఫోన్‌లో వెతుకుతాడు. పెద్ద కళ్ల పిల్లికూన, నెత్తిన కొమ్మున్న గుర్రం, మఫ్లర్ చుట్టుకున్న మంచుమనిషి వస్తాయి. చిన్న సైజు బొమ్మను ఏ4 కాగితానికి సాగదీస్తే గీతలు మెట్లుమెట్లుగా విరిగిపోతాయి. కొన్నిటి మీద అడ్డంగా వెబ్‌సైట్ పేరు ఉంటుంది. ఇంకొన్ని అసలు రంగుల బొమ్మలే. నలుపులో తీస్తే బూడిద మరకల్లా వస్తాయి, వాటి మీద క్రేయాన్ ఎంత రుద్దినా రంగు తేలదు. ఆ తల్లి డబ్బులిచ్చి అవే తీసుకుపోతుంది. వేరేవి లేవు కాబట్టి.

ఆ వేరేవి మనమే గీయించుకోవాలని అడగడానికే ఈ కరపత్రం. ఓరుగల్లు బొమ్మలను మన కళాకారులతో గీతల్లో గీయించి, ఎవరైనా ఉచితంగా ప్రింటు తీసుకునేలా పెట్టాలి. ప్రతి అంగన్‌వాడీకి, సర్కారు బడికి, గ్రంథాలయానికి చేర్చాలి.

ముద్దుబొమ్మలకు మన దగ్గర కరువా?

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఆ గుడి చుట్టూ గోడ కింది వరుసలో ఏనుగులు బారులు తీరి నడుస్తుంటాయి. ఎదురుగా నంది చెవులు నిక్కబొడుచుకొని, పిలిస్తే లేచి వచ్చేటట్టు కూర్చుంటుంది. మెడలో గంటల పట్టీలున్న ఆ నందిని చూస్తే ఏ పసివాడికైనా ముద్దొస్తుంది. ఖిలా వరంగల్ కీర్తితోరణం మీద అటూ ఇటూ హంసలున్నాయి. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాట మిర్చి బొద్దుగా ఉంటుంది కాబట్టే జనం దాన్ని టమాట మిర్చి అంటారు. దానికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. కళ్లు, చేతులు పెట్టి గీస్తే అంతకంటే ముద్దుబొమ్మ ఉంటుందా? కొత్తవాడ జంపఖానాల చారలు, గళ్లు, పాలపిట్ట, తంగేడు కొమ్మ, మేడారం బాటలో ఎడ్లబండి... ఎన్ని గీసినా ఒడవవు.

2016 దాకా మన జిల్లాలోనే ఉన్న చేర్యాల సంగతి వేరే చెప్పాలి. అక్కడి నకాషీ కళాకారులు గంజి పెట్టిన బట్ట మీద బొమ్మ గీసి, వెనకంతా ఎర్ర రంగు నింపి, మిగతా రంగులు వేసి, చివర నల్లగీతతో ముగిస్తారు. బొమ్మల కళ్లు గుండ్రంగా, పెద్దగా ఉంటాయి. ఆ నల్లగీతను మాత్రం అచ్చేసి, "ముందు వెనకంతా ఎరుపు వేయండి" అని కింద ఒక్క మాట రాస్తే చాలు, చేర్యాల పటం తీరు పిల్లల చేతికి పడుతుంది.

పెద్దలకు కూడా ఇవి కావాలి. స్కాట్లాండ్ చిత్రకారిణి జొహానా బాస్‌ఫర్డ్ 2013లో 'సీక్రెట్ గార్డెన్' తెచ్చాక పెద్దల రంగుల పుస్తకాలు దేశదేశాల్లో అమ్ముడుపోయాయి. మనకది వింతేమీ కాదు. సంక్రాంతికి ముగ్గు పెట్టి గళ్లలో రంగులు నింపే ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్న పని అదే. 2005లో కర్రీ, కాసర్ అనే అమెరికా పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి గుండ్రటి మండలం, కొందరికి గళ్ల నమూనా, కొందరికి ఖాళీ కాగితం ఇచ్చారు. నమూనాలకు రంగులు వేసిన వాళ్లలో ఆందోళన ఎక్కువ తగ్గింది. ఇది మందు కాదు, వైద్యం కాదు. కానీ రిటైరైన తాతకు, ఆసుపత్రి వరండాలో గంటలకొద్దీ కూర్చునే తోడుమనిషికి వేయి స్తంభాల గుడి పైకప్పు నగిషీ ఒకటి, నాలుగు పెన్సిళ్లు ఇస్తే నష్టమేముంది?

"గీసిచ్చిన బొమ్మకు రంగులేయిస్తే పిల్లల సొంత ఊహ చచ్చిపోతుంది" అని డ్రాయింగ్ టీచర్లు కొందరు అంటారు. ఆ మాటలో నిజముంది. అందుకే బొమ్మ సగమే ఇవ్వాలి. బతుకమ్మ పేజీలో తాంబాళం, గుమ్మడి ఆకు, మొదటి వరుస గునుగు ఉంటే చాలు. మిగతా వరుసలు పిల్లలే పేర్చుకోవాలి.

"పిల్లలకు టీవీ బొమ్మలే ఇష్టం" అంటారు ఇంకొందరు. వాటిని వద్దనడం లేదు. అయితే ఆ బొమ్మలు కంపెనీల సొత్తు, బడి పుస్తకంలో అచ్చేస్తే హక్కుల చిక్కు. కాకతీయుల శిల్పాలకు ఆ చిక్కు లేదు. కొత్తగా గీసిన వారికి మాత్రం ప్రతిఫలం ఇవ్వాలి, బొమ్మ కింద పేరు వేయాలి. పుణ్యానికి గీయమని ఏ కళాకారుణ్నీ అడగొద్దు.

ఇది జరిగే పనే. న్యూయార్క్ అకాడమీ ఆఫ్ మెడిసిన్ గ్రంథాలయం 2016లో మొదలుపెట్టిన ఏర్పాటు ప్రకారం ఏటా ఫిబ్రవరిలో ఎన్నో దేశాల గ్రంథాలయాలు తమ పాత పుస్తకాల్లోని బొమ్మలను రంగుల పేజీలుగా ఉచితంగా ఇస్తున్నాయి. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లోనే పుట్టింది. 2022లో వరంగల్ యునెస్కో అభ్యసన నగరాల్లో చేరింది. ఇలాంటి ఊరికి ఈ పని బరువు కాదు.

మా కోరికలు ఇవి:

1. బల్దియా మొదటి విడతగా 24 బొమ్మలు గీయించాలి. పన్నెండు చిన్నపిల్లలకు: గీత లావుగా, గళ్లు పెద్దగా ఉండాలి. పన్నెండు పెద్దలకు: నగిషీ సన్నగా ఉండాలి. అన్నీ ఏ4 సైజులో, నలుపు తెలుపులో అచ్చయ్యేట్టు ఉండాలి. ప్రతి బొమ్మ కింద అది ఎక్కడిదో రెండు వాక్యాలు తెలుగులో రాయాలి.

2. విద్యాశాఖ, ఐసీడీఎస్ అధికారులు ఆ కాగితాలతో పాటు క్రేయాన్లు కూడా బడులకు, అంగన్‌వాడీలకు పంపాలి. రంగుల్లేని పిల్లకు కాగితం ఇచ్చి ఏం లాభం?

3. నవంబర్ 14న బాలల దినోత్సవంతో పాటే గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. బొమ్మలు ఆ రోజే విడుదల కావాలి. వారం పొడుగునా ప్రతి గ్రంథాలయంలో ఒక బల్ల పిల్లలకు, ఒక బల్ల పెద్దలకు వేయాలి.

4. జిరాక్స్ సెంటర్ల వాళ్లు ఆ 24 బొమ్మలను కంప్యూటర్‌లో దాచుకుని, అడిగిన వాళ్లకు ముందు అవే చూపాలి.

తల్లిదండ్రులారా, మీ వార్డు కార్పొరేటర్‌కు ఈ నాలుగు కోరికలు రాసి, కింద పదిమంది సంతకాలతో ఇవ్వండి. టీచర్లారా, మీ బడి వార్షికోత్సవంలో మన బొమ్మల పోటీ ఒకటి పెట్టండి. గీత వచ్చిన వాళ్లు ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఒక్క బొమ్మ గీసి మీ వీధి పిల్లలకు పంచండి.

ఈ కాగితం వెనక రామప్ప ఏనుగు ఉంది. చదివాక పారేయకండి, ఇంట్లో పిల్లలకివ్వండి. పిల్లలు లేకపోతే మీరే రంగులేయండి.

ఇట్లు,
ఓరుగల్లు తల్లిదండ్రులు, టీచర్లు, బొమ్మలు గీసేవాళ్లు