ఎముకల పేరుతో ఆకుల బేరం

పాలకూరలో కాల్షియం ఉందంటారు. ఉంది, కాదనను. వంద గ్రాములకు 80 నుంచి 100 మిల్లీగ్రాములు. ఫోన్లలో తిరిగే చిట్కాల్లో, టీవీ డైటీషియన్ల నోట, మందుల షాపు గోడమీద అతికించిన పట్టికలో ఈ ముక్క మారుమోగుతూనే ఉంటుంది. దాని తర్వాత చెప్పాల్సిన ముక్క మాత్రం ఎవరి నోటా రాదు. ఆ వందలో మీ ఒంటికి పట్టేది నాలుగైదు మిల్లీగ్రాములు. మిగిలిందంతా వచ్చిన దారినే పోతుంది.

ఇది నిన్నామొన్నా తేలిన సంగతి కాదు. 1988లోనే అమెరికాలోని క్రైటన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హీనీ బృందం ఈ లెక్క తేల్చింది. కాల్షియం జాడ పట్టుకోవడానికి వీలుగా పాలకూరను ప్రత్యేకంగా పెంచి, మనుషులకు తినిపించి కొలిచారు. పాలలోని కాల్షియం 27 శాతం దాకా ఒంటపట్టింది. పాలకూరలోది 5 శాతం. చేటు చేసింది ఆక్సలేట్. అది ఆకులోనే కాల్షియాన్ని పట్టేసి కరగని లవణంగా మార్చేస్తుంది. పేగుకు దాన్ని విడదీసుకునే శక్తి లేదు. తోటకూరలోనూ ఆక్సలేట్ దండిగానే ఉంది. మెంతికూరలో, క్యాబేజీలో చాలా తక్కువ. అలాగని పాలకూర మానేయమనడం లేదు. ఫోలేటు కోసం తినండి, విటమిన్ కె కోసం తినండి, పప్పులో రుచి కోసం తినండి. ఎముకల కోసమని మాత్రం ఎవరూ నమ్మబలకొద్దు.

ముప్పై ఏళ్లు దాటిన ఈ లెక్క మన పట్టికల్లోకి ఎందుకు ఎక్కలేదు? ఎక్కితే అమ్మడానికి ఏమీ మిగలదు గనక. మొక్కలోని ఒక పదార్థం ఎముకకు మేలు చేస్తుందంటే దాన్ని సీసాలో పెట్టి అమ్మొచ్చు. అడ్డం పడుతుందంటే ఏం అమ్ముతారు? అందుకే మొదటి రకం మీద ప్రకటనలు, రెండో రకం మీద మౌనం. నా కోపమంతా ఈ మౌనం మీదే.

ఫైటేట్ సంగతి చూడండి. గింజ తన భాస్వరాన్ని దాచుకునే రూపమది. బియ్యం తవుడులో, పప్పుల్లో, రాగుల్లో, నువ్వుల్లో ఉంటుంది. అది కూడా కాల్షియాన్ని పట్టుకుని వదలదు. రోజూ కావలసినంత కాల్షియం తినేవాడికి దీనివల్ల పెద్ద నష్టం లేదు, వాడు భయపడక్కర్లేదు కూడా. తినే కాల్షియమే అరకొర అయినవాడికే దెబ్బ. మరి మనం ఏ కోవలోకి వస్తాం? తిరుపతిలో డాక్టర్ హరినారాయణ్ బృందం ఆరోగ్యంగా ఉన్న మామూలు జనాన్ని పరీక్షించి 2007లో ప్రచురించిన ఫలితాలు చదవండి. పట్నం వాళ్లూ పల్లె వాళ్లూ తినే కాల్షియం సిఫార్సు కన్నా బాగా తక్కువ. ఫైటేట్ ఎక్కువ. పొద్దస్తమానం ఎండలో పొలం పని చేసే పల్లె జనంలో కూడా విటమిన్ డి లోపం. కాల్షియం చాలనప్పుడు శరీరం విటమిన్ డి నిల్వను వేగంగా ఖర్చు పెట్టేస్తుంది. ఎండలో నిలబడితే చాలని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు తిరుపతి చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి, ఆ మాట నాట్లేసే ఆడవాళ్లకు చెప్పి రావాలి.

‘మన పూర్వీకులకు అన్నీ తెలుసు’ బ్యాచ్ కూడా ఇక్కడ కాసేపు ఆగాలి. రాగి పిండిని రాత్రంతా పులియబెట్టి అంబలి కాచడం, గింజలు మొలకెత్తించడం, పిండి పులిశాక ఇడ్లీ పెట్టడం వల్ల ఫైటేట్ విరుగుతుంది, నిజం. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, అదీ నిజమే. కానీ ఆ వంటిళ్లలోనే కదా పాలూ పెరుగూ ముందు మగవాళ్లకు, తర్వాత పిల్లలకు పోయి, ఇల్లాలి వంతుకు పల్చటి మజ్జిగ మిగిలింది! పులియబెట్టడం తెలిసిన ఇల్లే ఆమె ఎముకను గుల్ల చేసింది. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. హైదరాబాద్‌లోనే ఉన్న సంస్థ అది. ఆ వెయ్యిలో మీ అమ్మకు ఎంత అందుతోందో ఒక్కసారి లెక్క వేయండి. చేతులు వణుకుతాయి.

సరిగ్గా ఆ అమ్మకే, నెలసరి ఆగిన మర్నాటి నుంచి, సోయా మాత్రలు అంటగడుతున్నారు. సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటాయి గనక ఎముకను కాపాడతాయట. వినడానికి బాగుంది. అమెరికాలోని మయామిలో 248 మంది ఆడవాళ్ల మీద రెండేళ్లు పరీక్షించారు. సగం మందికి రోజుకు 200 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు, మిగతా వాళ్లకు ఉత్తుత్తి మాత్రలు. 2011లో ఫలితం వచ్చింది: ఎముక నష్టం ఆగలేదు. పైపెచ్చు ఒంట్లో ఆవిర్లు సోయా మింగినవాళ్లకే ఎక్కువయ్యాయి. ఆ మరుసటి ఏడు యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా సోయా ఐసోఫ్లేవోన్లు ఎముక సాంద్రతను నిలుపుతాయన్న వాదనకు ఆధారం చాలదని తోసిపుచ్చింది. ఇటలీలో జెనిస్టీన్ అనే సోయా ఐసోఫ్లేవోన్ మీద మంచి ఫలితం వచ్చిన పరీక్ష కూడా ఒకటుంది, దాచను. అమ్మేవాళ్లు మాత్రం ఆ ఒక్కటే చూపిస్తారు.

మన నల్లేరునూ వదల్లేదు. 1964లో కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ జంతువుల మీద చేసిన పరిశోధనలో, నల్లేరు ఇచ్చినవాటికి విరిగిన ఎముక త్వరగా అతుక్కుంది. గౌరవించాల్సిన పని. కానీ జంతువులో విరిగిన ఎముక అతకడం వేరు, అరవయ్యేళ్ల మనిషి తుంటి విరగకుండా కాపాడటం వేరు. ఆ మధ్యనున్న అగాధాన్ని మూడొందల రూపాయల పొడి డబ్బాతో పూడుస్తున్నారు. పచ్చి నల్లేరు చేతికి తగిలితే దురద పెట్టేది అందులోని ఆక్సలేట్ స్ఫటికాల వల్ల, మళ్లీ ఆ ఆక్సలేటే. అందుకే మన ఆడవాళ్లు నూనె రాసుకున్న చేతులతో ఒలిచి, వేయించి, చింతపండు వేసి పచ్చడి నూరారు. ఆ పచ్చడి మీద నాకేం ఫిర్యాదు లేదు. వ్యాపారానికి మాత్రం ఇది అక్షరాలా నల్లేరు మీద బండి నడక.

చింతపండు అన్నాను కాబట్టి మరో మాట. 1937లో పొదిలి ప్రాంతంలో ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి రాశారు, నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని అది. తర్వాత నల్గొండ ఎంత గోస పడిందో చెప్పనక్కర్లేదు. 2002లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మగపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే, మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. ఇంత చవకైన మేలుకు ప్రకటన ఎక్కడైనా చూశారా? అలాగని చారులో పులుపు పెంచితే చాలని ఏ అధికారైనా అంటే ఊరుకునేది లేదు. నల్గొండకు కావలసింది మంచినీళ్లు.

డబ్బు ఎవరిదో చెప్పి చేసిన పరీక్ష ఒకటుంది. అమెరికాలో 2022లో, నెలసరి ఆగిన 235 మందితో. ఏడాది పాటు రోజూ 50 గ్రాముల ఎండు ప్లమ్ పళ్లు తిన్నవాళ్ల తుంటి ఎముక సాంద్రత దాదాపు నిలిచింది, తిననివాళ్లకు ఒక శాతం మేర తగ్గింది. ఖర్చు కాలిఫోర్నియా ప్లమ్ రైతుల బోర్డుది, ఆ మాట దాచలేదు. వాళ్లు తిన్నది పండు, మాత్ర కాదు.

మీ చేతికి మాత్రల సీసా ఇచ్చేవాడిని నిలదీయండి. ఎవరి మీద పరీక్షించారు? ఎలుకల మీదా, మా ఈడు ఆడవాళ్ల మీదా? ఎన్నేళ్లు? ఎముక విరగడం తగ్గిందా, లేక రక్తంలో ఏదో అంకె మారిందా? ఖర్చు ఎవరు పెట్టారు? బదులు చెప్పకుండా నవ్వుతూ బిల్లు రాస్తే, సీసా అక్కడే పెట్టేసి ఆ డబ్బుతో పెరుగు కొనుక్కోండి. మీ కోసం కొన్న ఆ పెరుగును మీరే తినండి.