సీటు వచ్చింది, చేరారా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన రోజున మన ఇళ్ళలో మిఠాయిలు పంచుకుంటాము. ఆ తరువాతి రెండు నెలలలో ఏమి జరుగుతున్నదో విచారించము. ఉత్తీర్ణులైన పిల్లలలో కొందరు డిగ్రీ కళాశాల గడప తొక్కకుండానే ఉండిపోతున్నారు. వీరు చదువు వద్దనుకున్నవారు కారు. దరఖాస్తు చేసి, సీటు కూడా పొంది, చివరి మెట్టు వద్ద జారిపోయినవారు వీరిలో ఉన్నారు.

ఈ బాధ మనకు మాత్రమే పరిమితం కాదు. అమెరికాలో దీనిని వేసవిలో కరిగిపోవడమని పిలుస్తారు. కాసిల్‌మన్, పేజ్ అనే పరిశోధకులు 2014లో దీనిపై ఒక గ్రంథమే వెలువరించారు. చేయవలసిన పనులను గుర్తుచేస్తూ ఫోనుకు పంపే చిన్న సందేశాలు సైతం పేద విద్యార్థులను కళాశాలకు చేర్చడంలో తోడ్పడగలవని వారు చూపారు.

తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా జరుగుతున్నవి. నమోదు, ఆప్షన్ల ఎంపిక, సీటు కేటాయింపు, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, ఆపై పత్రాలతో కళాశాలకు వెళ్ళడం ఇందులోని మెట్లు. సీటు వచ్చిందన్న సందేశంతోనే పని ముగిసిందని చాలామంది తల్లిదండ్రులు భావిస్తారు. గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకుంటే ఆ సీటు చేజారుతుంది.

అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల కుటుంబాలతో మాట్లాడినప్పుడు కొన్ని అడ్డంకులు మాకు తరచుగా వినబడినవి. ఆధార్‌తో ముడిపడిన ఫోను గల్ఫ్‌లో ఉన్న అన్న చేతిలో ఉంటుంది, ఓటీపీ అందదు. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 2007 నుండి 4 శాతం రిజర్వేషను ఉన్నది. కాని మీసేవ నుండి కుల, ఆదాయ ధ్రువపత్రాలు సకాలంలో తెచ్చుకోనివారికి ఆ హక్కు కాగితంపైనే మిగులుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈ-పాస్‌లో వేరుగా దరఖాస్తు చేయవలెనని తెలియనివారూ ఉన్నారు. వేసవి సెలవులకని జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో చేరిన అబ్బాయికి జీతం చేతికందగానే చదువు మరుసటి ఏటికి వాయిదా పడుతుంది. ఆ మరుసటి ఏడు తరచుగా రానే రాదు.

అమ్మాయిల విషయంలో దూరమనే మాట వస్తుంది. నాంపల్లిలోనే ఇందిరా ప్రియదర్శిని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉన్నది. ఈ పేటల వారికి నిజంగా కొరవడినది మొదటి రోజున వెంట వచ్చే తోడు.

"పద్దెనిమిదేళ్ళు వచ్చినవి, తన పని తానే చూసుకోవాలి" అని కొందరు పెద్దలంటారు. ఇంట్లో ఎవరూ కళాశాల చూడనప్పుడు ఆ బిడ్డ ఎవరినడిగి తెలుసుకోవాలి? హజ్ యాత్రకు బయలుదేరే వృద్ధునికి ఇదే నాంపల్లి హజ్ హౌస్‌లో ఎందరో స్వచ్ఛందంగా సేవ చేస్తారు, కాగితాలు సరిచూస్తారు, సామాను మోస్తారు. తన పని తానే చూసుకోవాలని ఆయనతో ఎవరూ అనరు. అదే ఆదరణ మన పిల్లలకూ దక్కవలెను.

కనుక ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలో ఇంటర్ పూర్తిచేసిన పిల్లల జాబితా తయారుచేయాలి. ఇప్పటికే డిగ్రీ చదువుతున్న ఒక్కొక్కరికి ఐదుగురిని అప్పగించాలి. గడువు తేదీలను వారు గుర్తుచేయాలి, అవసరమైతే మీసేవకూ కళాశాలకూ వెంట వెళ్ళాలి. మదర్సా ఉపాధ్యాయులమైన మేము కూడా మా వద్ద ఓనమాలు దిద్దిన పిల్లల గురించి వాకబు చేయవలసినవారమే. ఈ వేసవిలో బంధువుల పిల్లలు కలిసినప్పుడు మార్కులు అడిగి ఊరుకోకండి. రిపోర్టింగ్ పూర్తయినదా, తరగతులు ఎప్పటినుండి అని కూడా అడగండి.