వీసాకు పదేళ్లు, మకాంకు ఆరు నెలలు: అమెరికా వెళ్లే పెద్దలు తెలుసుకోవలసిన లెక్క

గుడివాడ: మినుము తీతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేళకు మన జిల్లా పల్లెల నుంచి అమెరికా ప్రయాణాలు మొదలవుతాయి. ఉయ్యూరు, కంకిపాడు, గుడివాడ చుట్టుపక్కల గ్రామాల్లో పెద్దవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో బయలుదేరి వరి కోతలకు ముందు తిరిగి రావడం ఆనవాయితీ అయిపోయింది. కోడలి పురుటికో, మనవడి అన్నప్రాశనకో, కొడుకు కొన్న కొత్త ఇల్లు చూడడానికో వెళతారు. పొలం ఎలాగూ కౌలుకిచ్చారు, పాడి గేదెను తమ్ముడి కొట్టంలో కట్టేశారు. ఇంతవరకు చిక్కేమీ లేదు.

చిక్కల్లా తిరిగి రావడం ఇష్టం లేనప్పుడు, లేదా తిరిగి వస్తే ఇక్కడ మంచినీళ్లు ఇచ్చే దిక్కు లేనప్పుడు వస్తున్నది. "వీసా పదేళ్లకు ఇచ్చారు గదా, ఉండిపోతే ఏమవుతుంది?" అన్న ప్రశ్న రచ్చబండల దగ్గర తరచు వినబడుతున్నది. "టూరిస్టు వీసా మీద ఎక్కేయండి, మిగతా కాగితాలు అక్కడ చేయించుకోవచ్చు" అని సలహా ఇచ్చే పెద్దమనుషులకూ కొదవ లేదు. ఈ మాటలో కొంత నిజం వున్నది. ఆ కొంత నిజం ఎవరికి వర్తిస్తుంది, ఎవరిని ముంచుతుంది అన్నది విడమరచి చూడవలసి వున్నది.

ముందుగా పదేళ్ల సంగతి. వీసా అనేది ఆ దేశపు గుమ్మం దాకా పోనిచ్చే చీటీ మాత్రమే. లోపలికి వెళ్లాక ఎన్నాళ్లు వుండవచ్చునో నిర్ణయించేది హైదరాబాదు కాన్సులేటు కాదు, అక్కడి విమానాశ్రయంలో కూర్చున్న అధికారి. ఆయన ఇచ్చే గడువు సాధారణంగా 6 నెలలు. ఆ గడువు రాసివుండే దస్తావేజును ఐ-94 అంటారు. విమానంలో వచ్చేవారికి 2013 నుంచి అది కాగితం రూపంలో ఇవ్వడం లేదు, ప్రభుత్వ కంప్యూటరులో వుంటుంది. కొడుకో కూతురో చూసి ఆ తేదీ రాసి పెట్టుకోవాలి. పాస్‌పోర్టులో వీసా 2034 వరకు వున్నదని నిశ్చింతగా వుంటే ఆ ఐ-94 తేదీ చల్లగా దాటిపోతుంది.

దాటితే ఏమవుతుంది? 1996లో అమెరికా చేసిన చట్టం ప్రకారం గడువు మీరి 180 రోజులకు మించి వుండి బయటకు వస్తే 3 సంవత్సరాలు, ఏడాది లేక అంతకు మించి వుండి బయటకు వస్తే 10 సంవత్సరాలు మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. ఒక్క రోజు దాటినా చేతిలో వున్న పదేళ్ల వీసా రద్దయిపోతుంది. అరవై అయిదేళ్ల తల్లికి పదేళ్ల నిషేధం అంటే దాని అర్థం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఆరోగ్యం బాగుండకో, కోడలి కాన్పు వెనకబడో మరికొంత కాలం వుండవలసివస్తే గడువు తీరకముందే ఐ-539 అనే దరఖాస్తు పెట్టాలి. మరో 6 నెలల వరకు పొడిగించే అధికారం వారికి వున్నది. సకాలంలో పెట్టిన దరఖాస్తు పరిశీలనలో వున్నంతకాలం నిషేధపు లెక్క మొదలు కాదు. తిరస్కరిస్తే మాత్రం వెంటనే బయలుదేరవలసిందే. పొడిగింపు తీసుకున్నవారిని తర్వాతి రాకలో అధికారి నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడుగుతాడు.

ఇక శాశ్వతంగా వుండే దారి. ఇక్కడ అంతా చుట్టరికం మీద, పిలిచే బిడ్డ హోదా మీద ఆధారపడి వుంటుంది. కొడుకు లేక కూతురు అమెరికా పౌరసత్వం తీసుకుని, 21 సంవత్సరాలు నిండినవారైతే తల్లిదండ్రుల కోసం దరఖాస్తు చేయవచ్చు. ఈ తరగతికి ఏడాదికి ఇంతమందికే అన్న పరిమితి లేదు, వరుసలో నిలబడే పని లేదు. తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి, విడివిడిగా దరఖాస్తులు పెట్టాలి. బిడ్డకు తగిన ఆదాయం వున్నట్టు హామీపత్రం ఇవ్వాలి. అది పేదరికపు రేఖగా అక్కడి ప్రభుత్వం నిర్ణయించిన మొత్తానికి 125 శాతానికి తగ్గకూడదు.

టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడే కాగితాలు చేయించుకోవచ్చు అన్న మాటలోని నిజం ఈ తరగతికే చెందినది. అధికారి తనిఖీ చేసి లోపలికి అనుమతించిన తల్లిదండ్రులు, బిడ్డ పౌరుడైతే, దేశం విడవకుండానే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవడానికి చట్టంలో వీలున్నది. అయితే మొదటి నుంచీ వుండిపోయే ఉద్దేశం మనసులో పెట్టుకుని, "చూసి వచ్చేస్తాం" అని కాన్సులేటులో చెబితే అది అబద్ధమాడి వీసా పొందినట్టు అవుతుంది. అలా రుజువైతే కార్డు సంగతి అటుంచి జన్మలో మళ్లీ రానివ్వకుండా చేసే నిబంధన వున్నది. దిగిన 90 రోజుల లోపే ఇలాంటి పని చేస్తే అనుమానించడం విదేశాంగ శాఖ పద్ధతి. వుండిపోవాలని ముందే నిశ్చయించుకున్నవారు ఇక్కడి నుంచే వలస వీసా తీసుకుని వెళ్లడం రాచబాట. నెలలు పట్టవచ్చు, కాని తల దించుకోనక్కరలేదు.

కాగా మన పల్లెల బిడ్డలలో ఎక్కువమంది ఇంకా పౌరులు కారు. హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నవారికి తల్లిదండ్రులను శాశ్వతంగా పిలిచే హక్కు లేదు. గ్రీన్‌కార్డు వచ్చినవారికీ లేదు. ఇది చాలామందికి తెలియదు. భార్యనూ, పెళ్లికాని పిల్లలనూ పిలవవచ్చు గాని, కన్నవారిని పిలవడానికి పౌరసత్వమే కావాలి.

ఉదాహరణకు ఒక లెక్క వేసి చూద్దాం. 2013లో ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టిన ఇంజనీరు కొడుకు వున్నాడనుకుందాం. అప్పటికి తండ్రి వయసు 60. ఏ దేశంలో పుట్టినవారికైనా మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన వల్ల మనవారి వరుస కదలడం లేదు. 2025లో పిలుపు అందినవి 2013 ప్రాంతపు దరఖాస్తులే. ఆ ఏడాది కార్డు వచ్చినా పౌరసత్వానికి మరో 5 సంవత్సరాలు ఆగాలి. అంటే 2030. తండ్రికి 77. ఆ వయసులో కొత్త దేశం, కొత్త చలి, పలకరించే మనిషి లేని వీధి. ఈ లెక్కను కొడుకులు తండ్రులకు చెప్పరు. తండ్రులు అడగరు.

"మనవడు అక్కడ పుట్టాడు గదా, వాడు పౌరుడే గదా" అనేవారు వున్నారు. మనవడికి 21 ఏళ్లు నిండితే తన తల్లిదండ్రుల కోసం దరఖాస్తు చేయగలడు. తాతా అమ్మమ్మలను పిలిచే తరగతి ఆ చట్టంలోనే లేదు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వ్యవహారం మరీ దీర్ఘమైనది. పౌరుడైన అన్న తమ్ముడి కోసం దరఖాస్తు పెట్టవచ్చు. ఈ తరగతికి ప్రపంచం మొత్తానికి ఏటా 65,000 వీసాలు. అందులో మనదేశం వంతు ఎంత చిన్నదంటే, 2025లో వంతు వచ్చినది 2006లో పెట్టిన దరఖాస్తులకు. తమ్ముడి పిల్లలు ఈలోగా 21 దాటిపోతే అతని వెంట వెళ్లే అర్హత పోతుంది. దరఖాస్తు పరిశీలనకు పట్టిన కాలాన్ని పిల్లల వయసులోంచి తగ్గించే చట్టం 2002లో వచ్చింది గనుక కొందరికి గట్టెక్కే అవకాశం వున్నది. ఈ దరఖాస్తు పెట్టివుండి, టూరిస్టు వీసా మీద వెళ్లిన తమ్ముడు వంతు వచ్చేవరకు అక్కడ కూర్చోవడానికి వీల్లేదు. వంతు రావడానికి పందొమ్మిదేళ్లు, చేతిలో వున్న గడువు ఆరు నెలలు! మరో సంగతి: టూరిస్టు వీసా ఫారంలో "మీ పేర వలస దరఖాస్తు ఎవరైనా పెట్టారా" అని అడుగుతారు. పెట్టివుంటే దాచకూడదు. చెబితే వీసా రాదేమోనన్న భయంతో దాచినవారు తర్వాత పట్టుబడితే రెండూ పోతాయి.

పెళ్లికాని పెద్ద కొడుకు ఇంట్లో వున్న కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి వున్నది. తల్లిదండ్రుల దరఖాస్తు మీద అతన్ని వెంట తీసుకుపోవడానికి లేదు. తల్లికి కార్డు వచ్చాక ఆమె అతని కోసం విడిగా దరఖాస్తు పెట్టాలి. అది కొన్నేళ్ల వరుస. ఈలోగా మంచి సంబంధం వచ్చిందని ముహూర్తం పెట్టారో, తల్లి అప్పటికి పౌరురాలు కాకపోతే ఆ దరఖాస్తు దానంతట అదే రద్దవుతుంది. గ్రీన్‌కార్డు వున్నవారు పెళ్లయిన బిడ్డను పిలిచే తరగతి లేదు మరి. తాళి కట్టిన గంటకే కాగితం చెల్లదని తెలియక ఏళ్ల తరబడి పిలుపు కోసం ఎదురుచూడడం కంటే ముందే తెలుసుకోవడం నయం.

యువకులకు చదువు దారి వున్నది. టూరిస్టుగా వెళ్లినవారు కాలేజీలో సీటు, ఐ-20 అనే పత్రం సంపాదించి విద్యార్థి హోదాకు మార్చమని కోరవచ్చు. అయితే మార్పు మంజూరయ్యేవరకు తరగతిలో కూర్చోరాదు, అందాకా హోదా చెడకుండా చూసుకోవాలి. ఇంటికి వచ్చి విద్యార్థి వీసా తీసుకుని పోవడమే చాలామందికి సుళువు. ఇక లాటరీ వీసా అంటూ ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు. భారతదేశంలో పుట్టినవారికి ఆ లాటరీలో అర్హత లేదు. డబ్బిచ్చి పౌరురాలితో ఉత్తుత్తి పెళ్లి జరిపించే బేరాలకు అక్కడ 5 ఏళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా వున్నవి.

వీసా ఇంటర్వ్యూ సంగతి కూడా చెప్పుకోవాలి. 2008లో హైదరాబాదులో కాన్సులేటు తెరిచేవరకు మనవారు మద్రాసు పోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ బాధ లేదు. 2025 సెప్టెంబరు 2 నుంచి మాత్రం నిబంధనలు బిగిసినవి. అంతకుముందు 79 ఏళ్లు దాటిన వృద్ధులకు ఇంటర్వ్యూ మినహాయింపు వుండేది, అది తీసేశారు. ఫీజు 185 డాలర్లు, వీసా రాకపోతే తిరిగి రాదు. పాస్‌బుక్కులు, బ్యాంకు కాగితాలు సంచి నిండా మోసుకుపోయినా కిటికీ అవతలి అధికారి చాలాసార్లు తెరిచి కూడా చూడడు. రెండు నిమిషాల మాటలతో తేల్చేస్తాడు. తిరిగి వస్తారన్న నమ్మకం కలిగించే భారం చట్టప్రకారం మనదే. అక్కడ ఏ పనీ చేయరాదు గనుక "పిల్లల్ని పెంచి పెట్టడానికి" అన్న జవాబును కొందరు అధికారులు ఆయా పనిగా తీసుకుంటారు. మనవడిని ఎత్తుకోవడం తప్పు కాదు. కాని మన మాట వారి చెవికి ఎలా వినబడుతుందో తెలిసి మాట్లాడాలి.

కెనడాలో వున్న బిడ్డలకు ఈ విషయంలో కొంత వెసులుబాటు వున్నది. పౌరులే కాక శాశ్వత నివాసులు కూడా తల్లిదండ్రులను సూపర్ వీసా మీద పిలవవచ్చు. 2022 జూలై నుంచి ఒక్క రాకకు 5 సంవత్సరాల వరకు వుండనిస్తున్నారు. కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా వుండాలన్నది షరతు. బ్రిటన్‌లో 2012 నుంచి వృద్ధ తల్లిదండ్రులను తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం చేశారు.

గల్ఫ్ సంగతి పూర్తిగా వేరు. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని చూపిస్తామనే ఏజెంట్ల చేతిలో గోదావరి జిల్లాల ఆడవాళ్లు, కడప, కరీంనగర్ ప్రాంతాల మగవాళ్లు పడిన పాట్లు కొత్తవి కావు. పదో తరగతి లేనివారి పాస్‌పోర్టుకు 1983 నాటి వలస చట్టం కింద వుండే రక్షణ, విజిట్ వీసా మీద ఎక్కేసరికి తప్పిపోతున్నది.

చివరగా, కార్డు వచ్చినవారి మాట. గ్రీన్‌కార్డు తెచ్చుకున్న పెద్దలలో కొందరు రెండు శీతకాలాలు గడిపి, "మా వూరు మేం పోతాం" అంటున్నారు. 65 నిండిన వారికి కూడా అక్కడి ప్రభుత్వ వైద్య బీమాలో చేరే వీలు 5 ఏళ్లు ఎడతెగకుండా కాపురమున్న తర్వాతనే. ఈలోగా ఒక ఆపరేషను వస్తే భారం కొడుకు మీద పడుతుంది. అలాగని కార్డు పెట్టెలో పెట్టుకుని ఇక్కడ వుండడానికీ లేదు. ఏడాదికి మించి బయట వుండేవారు ముందుగా రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, అది 2 సంవత్సరాల వరకే ఇస్తారు. అక్కడ వుండే ఉద్దేశం లేనివారు ఐ-407 అనే ఫారం మీద సంతకం చేసి కార్డును స్వచ్ఛందంగా అప్పగించి, మళ్లీ టూరిస్టు వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. అలా అప్పగించడం వల్ల తర్వాత వీసాకు అనర్హత ఏమీ రాదు.